పికప్ బండికి ఎగ్జాస్ట్ హెడర్ ఇంటి దగ్గరే బిగించుకోవచ్చా?

శ్రీకాకుళం నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. పాత పికప్ బండికి కంపెనీ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగని పోగుచేసి సైలెన్సర్ వైపు పంపే పోత ఇనుప భాగం) తీసేసి, దాని బదులు బయట దొరికే హెడర్ (అదే పని చేసే సన్న గొట్టాల సెట్టు) సొంతంగా ఇంటి దగ్గరే వేసుకోవచ్చా, ఎంత ఖర్చవుతుంది, బండి లాగుడు పెరుగుతుందా అని.

వేసుకోవచ్చు. నేను మా పెరట్లో వేపచెట్టు కిందే వేశాను. కొత్త హెడర్ బిగించడం ఒక పూట పని. పాతదాన్ని ఊడదీయడానికి మాత్రం నాకు మూడు రోజులు పట్టింది. వీడియోలు తీసేవాళ్ళు ఆ మూడు రోజుల్నీ కోసేసి పది నిమిషాల్లో అయిపోయినట్టు చూపిస్తారు. మెరిసే పైపులు, చివర్లో సౌండు. తుప్పు పట్టిన స్టడ్డు (మానిఫోల్డ్‌ని ఇంజన్‌కి పట్టి ఉంచే, తల లేని బోల్టు) దగ్గర గంటసేపు కూర్చున్న మనిషిని ఒక్క వీడియోలోనూ నేను చూడలేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మాది విజయనగరం నుంచి సాలూరు వెళ్ళే రోడ్డు మీద గజపతినగరం. అప్పట్లో నా దగ్గర పాత మహీంద్రా పికప్ ఉండేది. నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్, టర్బో (పొగ తోపుతో తిరుగుతూ ఇంజన్లోకి గాలి ఎక్కువ తోసే ఫ్యాను) లేదు. సాలూరు మీదుగా ఒడిశాలోని పొట్టంగి, సెమిలిగుడ వైపు కిరాణా సామాన్లు వేసుకెళ్ళేవాడిని, తిరిగి వచ్చేటప్పుడు అల్లం, క్యాబేజీ తెచ్చి రామభద్రపురం మార్కెట్లో దించేవాడిని. పి.కోనవలస ఘాట్ వారానికి రెండుసార్లు ఎక్కి దిగాల్సిందే.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటింది. మీరు శ్రీకాకుళం వాళ్ళు కాబట్టి ఆ రోజులు మీకు వేరే చెప్పక్కర్లేదు. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు వేళ్ళతో సహా పడిపోయాయి. కరెంటు లేదు, తాగడానికి నీళ్ళు లేవు. మా ఊరి కుర్రాళ్ళు నీళ్ళ టిన్నులు, బియ్యం, కొవ్వొత్తులు పోగు చేస్తే నా బండిలో వేసుకుని వజ్రపుకొత్తూరు వైపు రెండు ట్రిప్పులు వెళ్ళాం. రెండో ట్రిప్పులో ఒకచోట రోడ్డు మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. బండి అప్పటికే లోడు మీద కాలిపోయి ఉంది. నీళ్ళలోకి దిగగానే బానెట్ కింద నుంచి బుస్సుమని ఆవిరి లేచింది. ఆ క్షణానికి ఏమీ కాలేదు. మర్నాడు పొద్దున్న స్టార్ట్ చేస్తే ఫట్ ఫట్ మని చప్పుడు, క్యాబిన్లో కళ్ళు మండే పొగ.

బానెట్ ఎత్తి చూస్తే మూడో సిలిండర్‌కీ నాలుగో సిలిండర్‌కీ మధ్య మానిఫోల్డ్ చీలిపోయి ఉంది. బీడు, అంటే పోత ఇనుము కదా, బాగా కాలి ఉన్నప్పుడు చన్నీళ్ళు పడితే ఓర్చుకోదు. చీలిక పొడుగునా నల్లగా మసి గీత. చలిమీద ఉన్న ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు చప్పుడు ఎక్కువగా ఉండి, వేడెక్కాక తగ్గితే మానిఫోల్డ్ దగ్గర లీకు ఉన్నట్టే. మసి గీత ఎక్కడుందో అక్కడే లీకు. ఇది కనిపెట్టడానికి ఏ మిషనూ అక్కర్లేదు, టార్చిలైటు చాలు.

కంపెనీ మానిఫోల్డ్ రావడానికి పది రోజులు పడుతుందన్నారు. నేనేమో సిరిమాను మంగళవారానికి విజయనగరంలో టెంటు సామాన్లు వేసే కిరాయి ఒప్పుకుని, అడ్వాన్సు కూడా తీసుకున్నాను. పైడితల్లి అమ్మవారి పండగ కిరాయి ఎగ్గొట్టడం మా ఇంటా వంటా లేదు. మా మేనల్లుడు ఫోన్‌లో వెతికి, "మావయ్యా, విశాఖలో ఒక చోట మన ఇంజన్‌కి సరిపోయే హెడర్ రెడీగా ఉందట, దీనితో పవర్ కూడా పెరుగుతుందట" అన్నాడు. 9,500 పెట్టి తెప్పించాం.

పవర్ సంగతి ఇక్కడే తేల్చేస్తాను, మీ ప్రశ్నలో సగం అదే కాబట్టి. డీజిల్ పికప్‌కి హెడర్ వేస్తే లాగుడు పెరగదు. ఇది నేను ఎక్కడైనా నిలబడి చెబుతాను. డీజిల్ ఇంజన్ బలం పంపు ఎంత డీజిల్ ఇస్తుందో దాన్ని బట్టి ఉంటుంది. పొగ బయటికి పోయే దారి కాస్త నున్నగా అయినంత మాత్రాన పంపు ఎక్కువ డీజిల్ ఇవ్వదు. మీ బండికి టర్బో ఉంటే అసలు ఈ ఆలోచనే వద్దు. టర్బో కూర్చునేది మానిఫోల్డ్ మీదే. దాని బరువు, దాని వేడి మోయడానికే కంపెనీ వాడు అంత మందం బీడు పోస్తాడు. సన్న గొట్టాలకి టర్బో వేలాడదీస్తే వెల్డింగు దగ్గర చీలుతుంది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్ 6 బండి అయితే సెన్సర్లు, పొగ శుభ్రం చేసే ఫిల్టర్లు కూడా ఉంటాయి, వాటి జోలికి ఇంటి దగ్గర అస్సలు వెళ్ళకండి. పెట్రోలు ఇంజన్లో, అదీ ఎక్కువ ఆర్పీఎం మీద తిరిగేదాంట్లో అయితే హెడర్‌కి అర్థం ఉంది. అల్లం బస్తాలు వేసుకుని రెండో గేరులో ఘాట్ ఎక్కే బండికి కాదు.

మరి నేనెందుకు వేశాను? నాది చీలిపోయింది, పండగ ముంచుకొచ్చింది, దొరికింది అదే. అంతే కారణం.

దసరా వెళ్ళిన మర్నాడు శుక్రవారం పొద్దున్నే మొదలుపెట్టాం. ముందు రోజు పూజలో పెట్టిన స్పానర్ల మీద కుంకుమ ఇంకా అలాగే ఉంది. బ్యాటరీ నెగెటివ్ తీసేశాం. చక్రాలకి రాళ్ళు అడ్డుపెట్టి, ముందు భాగం ఎత్తి జాకీ పక్కన స్టాండ్లు పెట్టాం. ఈ ఒక్క ముక్క దయచేసి వినండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందకి దూరకండి. ఇటుకలు కూడా వద్దు, ఇటుక చెప్పకుండా పగులుతుంది. స్టాండ్లు లేకపోతే పక్క మెకానిక్‌ని అడిగి తెచ్చుకోండి.

మొత్తం ఎనిమిది స్టడ్లు. నట్ల మీద తుప్పు పొరలు పొరలుగా ఉంది. తుప్పు వదిలించే స్ప్రే ఒకటి కొన్నాను, వాసన తప్ప అందులో సరుకు లేదు. ఈ మధ్య డబ్బా మీద బొమ్మ ఒకటి, లోపల ఇంకొకటి, అడిగే నాథుడు లేడు. చివరికి డీజిల్‌లో కాస్త పాత గేరు ఆయిల్ కలిపి బ్రష్‌తో పూసి మధ్యాహ్నం దాకా వదిలేశాం. ఆరు నట్లు వచ్చేశాయి. ఏడోది స్టడ్డుతో సహా వచ్చింది, అదీ మంచిదే. ఎనిమిదోది క్యాబిన్ గోడ వైపు, చెయ్యి పట్టని మూలలో ఉంది. సాయంత్రం అయిపోతోంది, వెలుగు తగ్గుతోంది, నాకు మంగళవారం టెన్షన్. స్పానర్‌కి రెండడుగుల గొట్టం తొడిగి బలంగా లాగాను.

టిక్ మంది. పెద్ద చప్పుడేం కాదు, వేలు విరుచుకున్నంత చప్పుడు. స్పానర్ ఒక్కసారిగా తేలిపోయింది. అది నట్టు వదిలిన తేలిక కాదని చెయ్యికి వెంటనే తెలిసిపోయింది. టార్చి వేసి చూస్తే ఇంజన్ హెడ్డు (సిలిండర్ల పై మూత) అంచుకి బియ్యపు గింజంత మాత్రమే బయటికి మిగిలి, స్టడ్డు తెగిపోయి ఉంది. తెగిన చోట సగం నల్లగా, సగం వెండిలా మెరుస్తోంది. ఆ నల్ల సగం ఎప్పుడో పాతరోజుల్లోనే చీలి ఉందన్నమాట.

శనివారం ఒక వర్క్‌షాప్‌కి ఫోటో తీసుకెళ్ళి చూపించాను. ఇంజన్ హెడ్డు దించాలి, 18 వేలవుతుంది, వారం పడుతుంది అన్నారు. బండి దగ్గరికి వచ్చి చూడలేదు, స్టడ్డు ఎంత బయటికి ఉందని కూడా అడగలేదు. చిన్న స్టడ్డుకి హెడ్డు దించమనే అలవాటు ఈమధ్య చాలా చోట్ల చూస్తున్నాను. విరిగింది బాగుచేయడం తెలిసిన చేతులు తగ్గిపోయాయి. మార్చేయండి అంటారు, అంతే. కిరాయి మీద బతికేవాడికి వారం రోజులు బండి ఆగడమంటే ఏమిటో వాళ్ళకి పట్టదు.

ఆ రాత్రి నాన్న సాలూరుకి ఫోన్ చేశారు. ఉత్తరాంధ్రలో లారీల ఊరేది అంటే సాలూరే. 2022 నుంచి అది పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది గానీ మా లెక్కలో ఇప్పటికీ మా సాలూరే. నాన్న అక్కడి లారీల మీద డ్రైవర్‌గా వెళ్ళిన రోజుల్లో స్నేహం కలిసిన మేస్త్రి ఒకాయన ఉన్నారు. నేను బాబాయ్ అంటాను. అప్పటికే ఆయనకి డెబ్బై దాటాయి. ఆదివారం పొద్దున్న మొదటి బస్సుకే దిగారు, చేతిలో ఒక గుడ్డసంచి.

బానెట్‌లోకి వంగి చాలాసేపు చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"గొట్టం ఏసి లాగేసినావేటి?"

"టైం లేదు బాబాయ్."

"మరిప్పుడు టైం ఎక్కడినించొచ్చిందిరా?"

ఇంకేమీ అనలేదు. టీ తాగి పనిలోకి దిగారు. ఎదురుగా గేట్లు, గ్రిల్స్ చేసే షాపు నుంచి వెల్డింగ్ మిషన్ తెప్పించారు. సంచిలోంచి వెల్డింగు రాడ్లు తీసి, చెమ్మ పోవాలని మా అమ్మ చేత పొయ్యి మీద పెనం పెట్టించి వేడి చేయించారు. బ్యాటరీ రెండు వైర్లూ తీయించారు. డీజిల్ పైపుల మీద తడి గోనె కప్పించారు, మేనల్లుడి చేతికి నీళ్ళ బకెట్ ఇచ్చి పక్కన నిలబెట్టారు. తెగిన ముక్క చుట్టూ వైరు బ్రష్‌తో మెరిసేదాకా గీకారు.

ముందు ఒక వాషర్ పెట్టి దాని బొక్కలో వెల్డింగు నింపారు. దాని మీద స్టడ్డు కంటే ఒక సైజు పెద్ద నట్టు పెట్టి, నట్టు లోపల నుంచి మళ్ళీ నింపారు. చుట్టూ ఉన్న హెడ్డు బీడు కాబట్టి ఆ రాడ్డు దానికి సరిగ్గా అతకదట, ఉక్కు స్టడ్డుకి మాత్రం పట్టేస్తుందట. మొదటి నట్టు తిప్పగానే ఊడిపోయింది. రెండోదీ ఊడిపోయింది. నా గుండె జారిపోయింది గానీ ఆయన ముఖంలో ఏమీ మారలేదు. ఊడిన ప్రతిసారీ ముక్కకి వేడి తగులుతుంది, అదీ మంచికే అన్నారు. మూడోది పట్టింది.

వెంటనే తిప్పబోతుంటే నా చెయ్యి పట్టి ఆపేశారు. "ఎరుపు పోనీ. కొవ్వొత్తి ఉందా ఇంట్లో?"

ఉద్దానం ట్రిప్పులో మిగిలిన కొవ్వొత్తులు బండి డ్యాష్‌బోర్డులోనే ఉన్నాయి. నట్టు ఎరుపు పోయి నలుపు తిరిగాక కొవ్వొత్తిని దాని మొదట్లో ఆనించారు. మైనం కరిగి, బయటికి కారకుండా స్టడ్డు చుట్టూ ఉన్న సందులోకి దానంతట అదే పీల్చుకుపోయింది. సన్నగా తెల్లటి పొగ వచ్చింది. ఇలా మూడుసార్లు పెట్టారు. అప్పుడు చిన్న రింగు స్పానర్ నా చేతికిచ్చారు.

"ముందుకి రవ్వంత. మళ్ళీ ఎనక్కి రవ్వంత. కర్రుమంటే ఆగిపో, మైనం పెట్టు. గొట్టం ముట్టుకుంటే ఒప్పుకోను."

పావు గంట అలాగే ఆడించాను. మొదట జుట్టంత కదలిక. తర్వాత గోరంత. తర్వాత అర చుట్టు తిరిగింది, ఆ పైన రెండు వేళ్ళతో తిప్పుతుంటే మెత్తగా బయటికొచ్చేసింది. మరలో మైనం, తుప్పు కలిసి చాక్లెట్ రంగులో ఉన్నాయి. హెడ్డులో మరలు చెక్కుచెదరలేదు. 8 ఎంఎం ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) ఒకసారి చేత్తో దింపి శుభ్రం చేశాం. పద్దెనిమిది వేల పని ఒక వాషరు, మూడు నట్లు, అర కొవ్వొత్తితో అయింది.

ఆయన డబ్బులు తీసుకోలేదు. అమ్మ వండిన కోడికూర తిని, సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోయారు. ఇలాంటి పనితనం సాలూరు షెడ్లలో ఎంతమంది చేతుల్లో ఉందో, వాళ్ళలో ఎంతమంది పక్కన నేర్చుకునే కుర్రాడు ఉన్నాడో తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. అప్పట్లో కుర్రాడు మేస్త్రి దగ్గర చేరితే మొదటి రెండేళ్ళు నట్లు కడగడమే పని, ఏ నట్టు ఎంత బిగువుందో అక్కడే తెలిసిపోయేది. మా మేనల్లుడు ఆ ఒక్క ఆదివారం చూసి నేర్చుకున్నది, అంతకుముందు ఫోన్‌లో ఏడాది చూసినా రాలేదు.

సోమవారం ఇంకో చిక్కు. కొత్త హెడర్ ఫ్లాంజ్ (హెడ్డుకి ఆనే చదును పలక) మీద స్టీలు స్కేలు నిలబెట్టి వెనక టార్చి వేస్తే, రెండు చివర్లా వెలుతురు కనిపిస్తోంది. వెల్డింగు వేడికి ఫ్లాంజ్ వంగిపోయింది. మందం పలక ఒకదానికి బోల్టులతో బిగించి వెల్డ్ చేస్తే ఇలా వంగదు, తయారుచేసినవాడికి ఆ ఓపిక లేదు. పైన వెండి రంగు కొట్టడానికి మాత్రం ఓపిక ఉంది. అలాగే బిగిస్తే ఎంత మంచి ప్యాకింగ్ (మధ్యలో పెట్టే గ్యాస్కెట్) వేసినా పది రోజుల్లో కాలిపోతుంది. విజయనగరం తీసుకెళ్ళి లేత్ షాపులో ముఖం చదును చేయించాను, 400 తీసుకున్నారు. హెడర్ కొనేటప్పుడు మీరు స్కేలు జేబులో పెట్టుకుని వెళ్ళండి, షాపులోనే పెట్టి చూడండి. హెడ్డు ముఖం మీద పాత ప్యాకింగ్ తునకలు కూడా మొత్తం గీకేయాలి.

బిగింపు సంగతి తొందరగా చెప్పేస్తాను. కొత్త స్టడ్లు, కొత్త ప్యాకింగ్, రాగి పూత నట్లు వేశాం, మరలకి రాగి గ్రీజు రాశాం. నట్లన్నీ ముందు చేత్తో ఎక్కించాలి. తర్వాత మధ్యలోవి మొదలుపెట్టి అటూ ఇటూ చివరల వైపు వెళ్ళాలి, ఒకేసారి కాకుండా మూడు విడతల్లో. 8 ఎంఎం స్టడ్డుకి మామూలుగా 20, 25 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. మీ బండి పుస్తకంలో వేరే లెక్క ఉంటే అదే పాటించండి. స్టార్టర్ మోటార్ వైరు హెడర్‌కి దగ్గరగా వస్తుంటే పక్కకి లాగి క్లిప్పు వేశాం, లేకపోతే ఆ వేడికి వైరు తోలు కరిగి షార్ట్ అవుతుంది. కొందరు హెడర్‌కి గుడ్డపట్టీలా చుట్టే వేడి టేపు వేయమంటారు. మామూలు ఇనుప పైపుకి అది వేస్తే లోపల చెమ్మ ఆగి తుప్పు పడుతుంది. సముద్రం గాలి తగిలే మీ శ్రీకాకుళం వైపు అసలే వద్దు.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు పొగ వస్తుంది, చేతి జిడ్డు, గ్రీజు కాలుతున్న పొగ, కంగారు పడకండి. ఆరుబయటే స్టార్ట్ చేయండి, మూసిన షెడ్డులో ఆ పొగ ప్రాణం తీస్తుంది. సైలెన్సర్ చివర తడి గుడ్డ ఒక్క క్షణం అడ్డుపెడితే లీకు ఉన్నచోట బుస్సు వినిపిస్తుంది. మాకు వినిపించలేదు.

మంగళవారం టెంటు సామాన్లు మూడు లాంతర్ల దగ్గర దించి, సిరిమాను చూసి, దణ్ణం పెట్టుకుని ఇంటికొచ్చాను. బండి పూర్తిగా చల్లారాక, బుధవారం పొద్దున్న నట్లన్నీ మళ్ళీ చూస్తే ఐదు నట్లు ఇంకో పావు చుట్టు తిరిగాయి. ఈ రెండో బిగింపు ఎవరూ చేయరు, చేయకే ప్యాకింగ్‌లు పోతాయి.

తర్వాత అదే లోడుతో ఘాట్ ఎక్కాను. ఇదివరకు ఏ మలుపులో రెండో గేరు పడేదో అదే మలుపులో పడింది. క్యాబిన్లోకి పొగ రావడం పోయింది, సౌండు కాస్త గుల్లగా మారింది. పద్నాలుగు నెలలకి నాలుగు గొట్టాలు కలిసే చోట వెల్డింగు చీలింది. అప్పుడు బీడు మానిఫోల్డే తెప్పించి వేశాను, బండి అమ్మేదాకా మళ్ళీ దాన్ని ముట్టుకోవలసిన పని పడలేదు. మన ఘాట్లకి, మన లోడ్లకి బీడే సరైనది.

ఖర్చంటే హెడర్ 9,500, స్టడ్లు, నట్లు, ప్యాకింగ్ కలిపి 740, లేత్ 400, వెల్డింగ్ మిషన్ కరెంటుకి షాపు అతనికి 200. అప్పటి ధరలు ఇవి.

చట్టం సంగతి కూడా ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. సౌండు, పొగ హద్దు దాటితే 190వ సెక్షన్ కింద, 2019 సవరణ తర్వాత, 10 వేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు. అందుకే హెడర్ వేసినా సైలెన్సర్ మాత్రం తీయకండి. రాత్రి పదకొండింటికి సైలెన్సర్ తీసేసిన బైకులు మా వీధిలో తిప్పే కుర్రాళ్ళ వల్ల పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తున్నారు. ఆ సౌండులో బలం ఏమీ లేదు.

మీ బండి మోడల్, ఏడాది, టర్బో ఉందో లేదో కింద రాయండి. ఇప్పుడున్న మానిఫోల్డ్ చీలిందా, లేక ఊరికే మార్చాలనుకుంటున్నారా అది కూడా చెప్పండి. చీలకపోతే దాన్ని కదపొద్దనే నా సలహా. చీలితే మాత్రం ఈ రాత్రి నుంచే స్టడ్ల మీద డీజిల్ పూయడం మొదలుపెట్టండి, రోజూ పడుకునే ముందు ఒకసారి, వారం రోజులు. 8 ఎంఎం ట్యాప్ నా దగ్గరే ఉంది, ఒడిశా కిరాయికి గజపతినగరం మీదుగా వెళ్తే ఆగి తీసుకెళ్ళండి, తిరిగొచ్చేటప్పుడు ఇచ్చేద్దురు గాని.